లెక్కకు రాని ఆరో లూపు

నేను ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. అన్నేళ్లలో పనికి ఆలస్యంగా వెళ్లింది రెండే రోజులు. ఒకటి వాగు పొంగిన రోజు, రెండోది మా అమ్మ పోయిన రోజు. మా అమ్మ పోయిన రోజు కూడా మధ్యాహ్నానికి వెళ్లి రిజిస్టరులో సంతకం చేసి వచ్చాను. ఇది గొప్పకోసం చెప్పడం లేదు. లెక్కల్లో, తేదీల్లో నేను ఎంత గట్టిదాన్నో మీకు ముందే తెలిస్తేగాని, నేను చేసిన తప్పు ఎంత పెద్దదో తర్వాత అర్థం కాదు.

ఇది చదివేవాళ్లలో ఇప్పుడు ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న అమ్మాయిలు కొందరైనా ఉంటారు. మీకు కాపర్-టి తెలుసు. మాకు లూపు వచ్చింది. 1965లో వచ్చింది. తెల్లటి ప్లాస్టిక్ వస్తువు, పాకుతున్న పాములా వంకరలు తిరిగి ఉంటుంది. కింద కొసకి రెండు సన్నని నైలాన్ దారాలు. ఒక గొట్టంలో దాన్ని సాగదీసి ఎక్కించి గర్భసంచిలోకి తోస్తే, లోపలికి వెళ్లాక మళ్లీ తన వంకరలు తను తిరిగేది. దారాలు మాత్రం గర్భసంచి మూతి దగ్గర మిగిలేవి. నెలసరి అయ్యాక వేలితో చూసుకుంటే దారం తగలాలి. తగిలితే లూపు ఉన్నట్టు. తగలకపోతే కేంద్రానికి రావాలి. ఇంతే విద్య.

మా కేంద్రం నూజివీడుకి నాలుగు మైళ్ల దూరంలో, చుట్టూ మామిడితోటల మధ్య ఉండేది. ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. కొందరు ఇంకా ఉన్నారు, లేనివాళ్ల పిల్లలు ఉన్నారు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. నర్సుని, రిజిస్టరు నా చేతిలోనే ఉండేది. డాక్టరమ్మకి ఇరవై ఆరు. మొదటి పోస్టింగు. నెమ్మదస్తురాలు, పైఅధికారి కాగితం వస్తే చేతులు చల్లబడేవి. మా ఇద్దరి పైనా ఉన్నట్టు ప్రవర్తించే మూడో మనిషి మా ఎక్స్‌టెన్షన్ ఎడ్యుకేటరు. ఆ ఉద్యోగం పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఆయన చేసే పని ప్రచారం కాబట్టి అందరూ ప్రచారం గారు అనేవారు. ఆయనకీ ఆ పేరు నచ్చింది. ఆయన దగ్గర గుడ్డమీద వేసిన బొమ్మల పటాలు పదకొండు, ఒక పొడుగాటి బెత్తం, ఎంతసేపు మాట్లాడినా తడారని గొంతు ఉండేవి.

గురువారం లూపు రోజు. 1966 జనవరి ఇరవై, గురువారం, నలభై మంది ఆడవాళ్లు వచ్చారు. అందరూ తోటల్లో, పొలాల్లో కూలికి వెళ్లేవాళ్లే. ప్రచారం గారు పటం విప్పి గంట మాట్లాడారు. లూపు వల్ల నొప్పి లేదన్నారు, బాధ లేదన్నారు, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉంచుకోవచ్చు, వద్దంటే తీయించుకోవచ్చు అన్నారు. చివరి మాట నిజం. ముందువి కొందరి విషయంలో నిజం.

వెనక వరసలోంచి ఒక ముసలామె లేచింది. కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"అయ్యా, అది గర్భసంచిలో ఉండకుండా పొట్టంతా తిరుగుద్దంట గదా?"

"తిరగడానికి దానికి కాళ్లున్నాయా మామ్మా?" అన్నారు ప్రచారం గారు.

హాలంతా నవ్వింది. డాక్టరమ్మ తల వంచుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ముసలామె కూర్చోలేదు.

"పాముకి మాత్రం కాళ్లున్నాయా? తిరగట్లా?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆయన బెత్తంతో పటంమీద గర్భసంచి చుట్టూ గీత గీసి, "ఇది గోడ. ఈ గోడ దాటి ఎక్కడికీ పోదు" అన్నారు. ముసలామె కోడలు అత్త కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది.

ఆ కోడలే ఈ కథలో మనిషి. పాతికేళ్లుంటాయి. మొగుడు ఒక పెద్ద రైతు తోటకి కాపలా. సంసారం తోటలో పాకలోనే. అప్పటికి నలుగురు పిల్లలు, ఆఖరివాడికి మూడు నెలలు. కాపు రోజుల్లో చెట్టుకింద నుంచి పాకదాకా కాయల తట్టలు మోయడం ఆమె పని. తోటలో కాయలు లెక్కపెట్టే తీరు మీలో కొందరు చూసే ఉంటారు. రెండు చేతులతో కలిపి ఐదేసి కాయలు ఎత్తి వేస్తారు, ఇరవై ఎత్తులు వేస్తే వంద. వందయ్యాక కొనేవాడి మొహం చూసి పైన కొసరు వేస్తారు. ఆ లెక్కలో ఆమెని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరని చెప్పుకునేవారు. మాట కూడా అలాగే, లెక్కగా, పైన కొసరుతో వచ్చేది.

ఆ రోజు పని జరిగింది నాలుగు గంటలు. నలభై మంది. అంటే మనిషికి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో మనిషి బల్ల ఎక్కాలి, డాక్టరమ్మ చేతులు కడుక్కోవాలి, పరీక్ష చేయాలి, లూపు వేయాలి, మనిషి బల్ల దిగాలి, నేను పేరు, వయసు, పిల్లల సంఖ్య రాయాలి. మా అమ్మ ఆవకాయ పెట్టేటప్పుడు ఒక్క కాయ కడిగి, తుడిచి, ముక్క కొట్టడానికి ఇంతకన్నా ఎక్కువసేపు తీసుకునేది.

ఆమె వంతు వచ్చింది. "తొందరగా కానీయండమ్మా, బయట పిల్లోడు ఏడుస్తున్నాడు" అంటూనే బల్ల ఎక్కింది. గొట్టం లోపలికి వెళ్తున్నప్పుడు ఒక్కసారి "అబ్బా" అని బల్ల అంచు పట్టుకుంది. డాక్టరమ్మ ఆగింది.

"నొప్పా?"

"ఇందాక వచ్చింది. ఇప్పుడు లేదు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను. బయట ఇంకా పదకొండుగురు ఉన్నారు. ఆమె దిగిపోయింది. ఆ "అబ్బా" రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

ఫిబ్రవరి నుంచి ఆడవాళ్లు తిరిగి రావడం మొదలైంది. కొందరు దారం చూపించుకోవడానికి, ఎక్కువమంది చెప్పుకోవడానికి. ఒకామెకి నెలసరి పన్నెండు రోజులు. ఒకామెకి నడుం పట్టేసి వంగలేకపోతోంది. ఒకామె నీళ్లబిందె ఎత్తితే పొత్తికడుపులో పోటు. లూపు కొత్తలో ఇలా కొందరికి ఉంటుంది. చాలామందికి రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది, సర్దుకోకపోతే తీసేయాలి. డాక్టరమ్మకి ఇదంతా తెలుసు. కాని మా పక్క కేంద్రంవాళ్లు ఫిర్యాదుల గడిలో నిజం రాస్తే, ఇన్ని ఫిర్యాదులు ఎందుకు వచ్చాయో సంజాయిషీ చెప్పమని కాగితం వచ్చింది. ఆ కాగితం సంగతి విన్న రోజున మా ప్రచారం గారికి వైద్యం అబ్బింది.

"ఇది లూపు కాదండీ, వేడి" అన్నారు. "మన ప్రాంతమే వేడి. మామిడి ప్రాంతం. ఆడవాళ్లు రోజంతా తోటలో ఉంటారు, దొరికిన కాయ తింటారు, వేడి చేస్తుంది, నెలసరి ఎక్కువవుతుంది. ఈ మాట వాళ్లే చెబుతున్నారు."

నిజమే, వాళ్లే చెబుతున్నారు. మా వైపు ఒంట్లో ఏం బాగాలేకపోయినా ముందు వేడి అంటారు.

"ఫిబ్రవరిలో కాయలెక్కడున్నాయండీ?" అన్నాను నేను.

"పూత ఉందిగా? పూత గాలి మాత్రం వేడి కాదా?"

అలా మా రిజిస్టరులో "వేడి" అనే మాట చేరింది. రాసింది నేనే. ఆయన చెప్పారు, డాక్టరమ్మ కాదనలేదు, నేను రాశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. "వేడి" అని పధ్నాలుగు చోట్ల గుండ్రంగా ఉంది. వాళ్లందరికీ సబ్జా గింజలు నానబెట్టుకుని తాగమని, మజ్జిగ ఎక్కువ పోసుకోమని చెప్పి పంపాం. ఆ ఏడు మా కేంద్రంలో లూపు ఎవరినీ బాధపెట్టలేదు. మామిడిచెట్టే అందరినీ బాధపెట్టింది.

ఇక మార్చి ముప్పై ఒకటి, సర్కారు లెక్కల సంవత్సరానికి ఆఖరి రోజు. అదీ గురువారమే. సంవత్సరపు లక్ష్యం నూట ఇరవై. ఆ మధ్యాహ్నానికి మాకు అయినవి నూట పందొమ్మిది. ప్రచారం గారు గేటు దగ్గర నిలబడి, దారిన పోయే ఆడవాళ్లవైపు పెళ్లిసంబంధాలు చూసే తండ్రిలా చూస్తున్నారు. అప్పుడు ఆ కోడలు వచ్చింది.

"నర్సమ్మా, దారం తగలట్లేదు" అంది.

డాక్టరమ్మ చూసింది. దారం లేదు.

"పడిపోయిందేమో, గమనించావా?" అని అడిగాను.

"ఏమోనమ్మా. తోటలో పని చేసేటప్పుడు పడిందేమో. ఎండుటాకుల్లో ఏం కనిపిస్తది?"

లూపు దానంతటది జారి పడిపోవడం ఉంది. అంతకుముందు ఐదుగురికి అలా జరిగింది. ఆ ఐదుగురూ పడిపోయినదాన్ని కాగితంలోనో ఆకులోనో చుట్టి తెచ్చి చూపించారు. వాటిని నేను ఒక ఖాళీ మందు సీసాలో వేసి, మీద చీటీ అంటించి, బీరువాలో పెట్టాను. పడిపోయింది అని రాస్తే పడిపోయిన వస్తువు సీసాలో ఉండాలి. అది నేను పెట్టుకున్న నియమం, ఎవరూ చెప్పింది కాదు.

"ఇంట్లో వెతికి, దొరికితే పట్టుకుని వచ్చే గురువారం రా" అందామని నోటిదాకా వచ్చింది. ఈలోగా ప్రచారం గారు తలుపు దగ్గరికి వచ్చేశారు.

"పడిపోయిందా? అయ్యో పాపం. అయితే ఇంకోటి వేసేయండి. నూట ఇరవై!"

ఒకే మనిషికి రెండోసారి వేస్తే అది కొత్త లెక్కలోకి రాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. డాక్టరమ్మ రెండు చేతులూ తుడుచుకుంటూ నన్నే అడిగింది.

"పడిపోయినట్టేనా?"

నా మాటమీద అంత నమ్మకం ఆ అమ్మాయికి. నేను కలం తీసుకుని ఆమె పేరుకి ఎదురుగా "పడిపోయింది" అని రాశాను. డాక్టరమ్మ రెండోది వేసింది, అది నూట ఇరవైలో చేరింది. పడిపోయినవి ఆరు అయ్యాయి. సీసాలో ఐదే ఉన్నాయి. ఆ సంగతి ఆ క్షణంలోనే నాకు తెలుసు. అర నిమిషం ఇబ్బందిగా అనిపించింది. తర్వాత సంవత్సరాంతం మొత్తాలు వేయడంలో పడిపోయాను. మొత్తాలు అన్నీ సరిపోయాయి.

దారం తగలకపోవడానికి పడిపోవడం ఒక్కటే కారణం కాదని మీకు ఇప్పుడు మొదటి నెలలోనే నేర్పుతారు. దారం లోపలికి ముడుచుకుపోవచ్చు. కడుపు రావచ్చు. చాలా అరుదుగా, లూపు గర్భసంచి గోడలోంచి అవతలికి పోయి ఉండవచ్చు. ఇవేవీ మాకు తెలియవని కాదు. శిక్షణ పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఆ పేజీ మీద "చాలా అరుదు" అని ఉంది. మేము దాన్ని "మన దగ్గర జరగదు" అని చదువుకున్నాం.

ఏప్రిల్లో ఆమె ఒకసారి వచ్చింది. పొత్తికడుపులో కుడివైపు నొప్పి అంది. డాక్టరమ్మ ఆ వారం సెలవులో ఉంది. ప్రచారం గారు డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఏం తింటున్నావు?"

"తోటలో ఉండి ఏం తింటానండీ? అన్నంలోకి కాయ. ఆకలేస్తే కాయ."

"అదీ సంగతి" అన్నారు ఆయన నా వైపు చూసి.

"అయ్యా, నేను పుట్టింది మామిడి చెట్టు కింద. పాతికేళ్ల నుంచి చెయ్యని వేడి ఈ ఏడే చేసిందా?"

దానికి ఆయన దగ్గర పటం లేదు. నేను సబ్జా గింజలు పొట్లం కట్టి ఇచ్చాను. పొట్లం తీసుకుని, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి వెళ్లింది.

మేలో మాకు కబురు వచ్చింది. లక్ష్యం పూర్తి చేసి, ఒక్క ఫిర్యాదు కూడా లేని కేంద్రంగా మా కేంద్రానికి షీల్డు ఇస్తున్నారు. పెద్ద అధికారి స్వయంగా వస్తారు. ఒక్క ఫిర్యాదు కూడా ఎందుకు లేదో మీకు తెలుసు. నూట పందొమ్మిది మందిలో తిరిగి వచ్చినవాళ్లు అరవై ఒక్కరు, రానివాళ్లు యాభై ఎనిమిది మంది. రానివాళ్లు సుఖంగా ఉన్నట్టు. వచ్చినవాళ్లకి వేడి చేసినట్టు.

మే పందొమ్మిది, గురువారం. అధికారిగారు నూజివీడులో ట్రావెలర్స్ బంగళాలో దిగారు. మా జీపు పదకొండు గంటలకి వెళ్లి ఆయన్ని తీసుకురావాలి. జీపుకి ముందు మామిడి తోరణం, పక్కలకి బంతిపూల దండలు కట్టారు. డ్రైవరు దాన్ని మూడుసార్లు తుడిచాడు. సీటుమీద తెల్ల దుప్పటి పరిచారు. హాల్లో మేజాబల్ల మీద పెద్ద రసాలు, చిన్న రసాలు, బంగినపల్లి బుట్టలు పెట్టారు. వేడి చేసే పళ్లని మర్యాదకి మాత్రం పెడతాం.

పది గంటలకి ఒంటెద్దు బండి గేట్లోంచి లోపలికి వచ్చింది. బండిలో గడ్డి మీద ఆమె ముడుచుకుని పడుకుని ఉంది. పక్కన అత్త. మొగుడు బండి తోలుతున్నాడు. రెండు రోజులుగా జ్వరం, తెల్లవారినప్పటి నుంచి కడుపు ముట్టుకోనివ్వడం లేదు. లోపలికి మోసుకొచ్చి బల్లమీద పడుకోబెట్టాం. డాక్టరమ్మ చెయ్యి వేసి, తీసేసింది. పొట్ట చెక్కలా బిగిసి ఉంది. నాడి చూశాను. నూట ముప్పై.

ప్రచారం గారు కొత్త పంచె, జరీ కండువాతో తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఏమిటండీ ఇది, ఇవాళ? మందిచ్చి వెనక గదిలో పడుకోబెట్టండి. ఆయన వెళ్లాక చూద్దాం. ఒక్క పూట."

డాక్టరమ్మ నన్ను చూసింది. మార్చిలో చూసినట్టే.

నేను బీరువా తెరిచి సీసా తెచ్చాను, రిజిస్టరు తెచ్చాను. రెండూ బల్ల పక్కన పెట్టాను.

"డాక్టరు గారూ, రిజిస్టరులో పడిపోయినవి ఆరు. సీసాలో ఐదు. ఆరోది ఈమెది. పడిపోయిందని నేను రాశాను. నేను చూడలేదు. ఎవరూ చూడలేదు."

డాక్టరమ్మ రిజిస్టరు చూసింది, సీసా చూసింది. జనవరి ఇరవైన బల్ల అంచు పట్టుకున్న చెయ్యి ఆమెకీ గుర్తొచ్చి ఉంటుంది.

"అది పడిపోకపోతే..." అంది.

"లోపలే ఉంది" అన్నాను.

"అదెలా సాధ్యమండీ?" అన్నారు ప్రచారం గారు. "గోడ దాటదని మనమే..."

బల్ల కాళ్ల దగ్గర నిలబడ్డ అత్త ఆయన మొహంలోకి చూసింది.

"జీపు తీయమనండి" అంది డాక్టరమ్మ. "బెజవాడ పెద్దాసుపత్రికి."

"జీపు అధికారిగారికండీ!"

"తెలుసు."

ఆ అమ్మాయి ఒక్క మాటతో అంత పని చేయగలదని నేను అనుకోలేదు. తెల్ల దుప్పటి మీదే ఆమెని పడుకోబెట్టాం. తల నా ఒళ్లో. అత్త కాళ్లు పట్టుకుని కూర్చుంది. మొగుడు వెనక నిలబడ్డాడు. డాక్టరమ్మ ముందు సీట్లో. తోరణం విప్పే తీరిక ఎవరికీ లేదు.

బెజవాడ దారి నూజివీడు బంగళా ముందు నుంచే. దూరం నుంచి మా జీపు, తోరణం, బంతిపూలు చూసి అధికారిగారు వరండాలో లేచి నిలబడ్డారు. కోటు గుండీ పెట్టుకున్నారు. ఇద్దరు బంట్రోతులు వెనక సర్దుకున్నారు. ఆయన మొదటి మెట్టు దిగి, నమస్కారానికి చేతులు కాస్త ఎత్తారు.

"ఆపమంటారా అమ్మగారూ?" అన్నాడు డ్రైవరు వేగం తగ్గిస్తూ.

"ఆపకు" అంది డాక్టరమ్మ.

ఎత్తిన చేతులతోనే ఆయన మేము వెళ్లిపోవడం చూశారు. దుమ్ములో నాకు ఆఖరున కనిపించింది ఆ చేతులే.

ఆగిరిపల్లి దాటాక అత్త మొదటిసారి నోరు విప్పింది. "ఇయాల నవ్వడేం ఆ పటాలాయన?" అంది. ఒళ్లో తల వేడిగా ఉంది. ఈసారి నిజమైన వేడి. జ్వరమాని పెట్టి చూసి రాసుకున్నాను, నూట మూడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. సర్జను గారు పెద్దావిడ. తడి ఆరని ఫిల్మును కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది.

"ఎన్ని వేశారు?" అని అడిగింది.

డాక్టరమ్మ నా వైపు చూసింది.

"రెండండీ" అన్నాను. "జనవరి ఇరవైన ఒకటి, మార్చి ముప్పై ఒకటిన ఒకటి."

ఫిల్ములో రెండూ తెల్లగా కనిపిస్తున్నాయి. ఒకటి మధ్యలో, ఉండవలసిన చోట. రెండోది దానికి దూరంగా, కుడివైపు పైకి, ఒక పక్కకి ఒరిగి. అదే మొదటిది. ప్రచారం గారి గోడకి అవతల.

"చంటిబిడ్డ తల్లి గర్భసంచి మెత్తగా ఉంటుంది" అంది సర్జను గారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "నెమ్మదిగా చేయాలి. ఆరు నిమిషాల్లో చేసే పని కాదు." ఆరు నిమిషాల లెక్క ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అన్ని చోట్లా అంతే ఉండేదనుకుంటాను.

మధ్యాహ్నం రెండింటికి లోపలికి తీసుకెళ్లారు. నాలుగుంపావుకి బయటకి తెచ్చారు. పేగుల మీది పొర లూపు చుట్టూ అతుక్కుపోయి చీము పట్టిందట. రెండూ తీసేశారు. మొదటి మూడు రోజులు ఆమె బతుకుతుందని ఎవరూ చెప్పలేదు. చంటివాడు తోటలో మేకపాలు తాగుతున్నాడు. నేను ఆ వారమంతా బెజవాడలోనే ఉన్నాను. నాలుగు గంటలకోసారి నాడి, జ్వరం రాశాను. ఆ అంకెలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. నాలుగో రోజు ఉదయం నాడి తొంభై ఆరు. ఆ తొంభై ఆరుని చూసి ఏడ్చాను. అంకెలు చూసి ఏడవడం నా జీవితంలో అదొక్కసారే.

ఐదో రోజు ఆమె అడిగింది.

"నర్సమ్మా, నా కడుపులో ఏముందమ్మా? ఎవర్ని అడిగినా మీ నర్సమ్మని అడుగు అంటన్నారు."

అత్త పక్కనే కూర్చుని ఉంది. నేను దాచలేదు.

"మొదట వేసింది పడిపోలేదు. గర్భసంచి దాటి లోపలికి పోయింది. పడిపోయిందని నేను చూడకుండా రాశాను. ఆ మాట పట్టుకుని నీకు రెండోది వేశాం. నీకు నొప్పి వస్తే వేడి అన్నాం. మీ అత్త చెప్పింది నిజమైంది, మేము నవ్వాం."

ముసలామె కొంగుతో మొహం తుడుచుకుంది. కోడలు పైకప్పు వైపు చూసింది. తిడుతుందనుకున్నాను.

"వందకి కొసరు వేస్తారని తెలుసు గాని, ఒకటికి కూడా వేస్తారా అమ్మా?" అంది. అని తనే నవ్వబోయి పొట్ట పట్టుకుంది. "నవ్వించమాకండి, కుట్లు లాగుతున్నాయి."

నేను నవ్వలేదు. అప్పటికి నవ్వడం మానేసి ఐదు రోజులైంది.

జరిగినవి వరసగా చెప్పాలి కాబట్టి ఇవీ చెబుతాను. షీల్డు ఆ రోజే ఇచ్చేశారు. అధికారిగారు ఎవరిదో కాయల లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చారట. ప్రచారం గారు అందుకున్నారు, ఫొటో కూడా తీశారు. షీల్డు మీద మా కేంద్రం పేరు, కింద "ఫిర్యాదులు లేవు" అని చెక్కి ఉంది. అది చాలా ఏళ్లు హాల్లో వేలాడింది. నేను బదిలీ అయ్యేదాకా వారానికోసారి దుమ్ము దులిపింది నేనే.

జూన్లో మాకు మెమో వచ్చింది. ప్రభుత్వ జీపును నిర్ణయించిన పనికి కాక వేరే పనికి ఎందుకు వాడారో, నిలబడి ఉన్న అధికారిని చూసి కూడా ఎందుకు ఆపలేదో చెప్పమని అడిగారు. డాక్టరమ్మ జవాబు రాసింది, నేను సాఫు రాశాను. నాలుగు పేజీలు. అందులో రెండున్నర పేజీలు లూపు సంగతి. జీపు జవాబు సంతృప్తికరంగా లేదని మళ్లీ రాశారు. లూపు గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

రిజిస్టరు నేను దిద్దాను. "పడిపోయింది" కొట్టేసి, పక్కన "దారం తగలలేదు. చూడలేదు" అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను. "వేడి" అని రాసిన పధ్నాలుగు చోట్లా కొట్టేసి, వాళ్ల ఇళ్లకి ఒక్కో ఇంటికీ నడిచి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాశాను. రానివాళ్లు యాభై ఎనిమిది మందిలో నలభై తొమ్మిది మందిని పట్టుకున్నాను. దిద్దుబాట్లు ఎక్కువయ్యాయని ఆ ఏడు తనిఖీలో నా రిజిస్టరుకి మార్కులు తగ్గాయి.

తర్వాత గురువారాల్లో మాట్లాడే పని నేను తీసుకున్నాను. రక్తం ఎక్కువ పోవచ్చు, నొప్పి రావచ్చు, జారి పడిపోవచ్చు, దారం తగలకపోతే పరిగెత్తుకు రండి, వద్దంటే తీసేస్తాం, అడగడానికి సిగ్గుపడొద్దు అని చెప్పాను. ఇలా చెబితే ఒక్కరు కూడా రారని ప్రచారం గారు అన్నారు. నలభై మంది వచ్చే చోట పద్దెనిమిది మంది వచ్చారు. అందులో పదహారుగురు మళ్లీ వచ్చి దారం చూపించుకున్నారు. ఆయన పద్దెనిమిది చూశారు, నేను పదహారు చూశాను. లూపు చెడ్డదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఎంతోమంది ఆడవాళ్లకి అది ఊపిరి తీసుకునే వీలిచ్చింది. మా చెల్లెలికి నేనే దగ్గరుండి వేయించాను. ఆమెకి పరీక్ష చేయడానికి డాక్టరమ్మ ఇరవై నిమిషాలు తీసుకుంది.

మరుసటి ఏడు కాపు దిగాక ఒక ఉదయం ఆ కోడలు కేంద్రానికి వచ్చింది. నెత్తిన గంప, చంకలో పిల్లాడు. గంప నా బల్లమీద దించింది. చిన్న రసాలు. మాగిన వాసన గదంతా నిండింది.

"మీకే నర్సమ్మా. పాతిక."

"ఎందుకమ్మా ఇవన్నీ" అని గంప పక్కకి జరపబోయాను.

ఆమె గంప అంచు పట్టుకుని ఆపింది.

"లెక్కపెట్టుకోండి."

"నువ్వు లెక్కపెట్టాక మళ్లీ నేనెందుకు? నీ మాట మీద నాకు నమ్మకం."

"నమ్మొద్దు" అంది. నవ్వడం లేదు. "లెక్కపెట్టండి."

ఒక్కొక్క పండు తీసి బల్లమీద పెట్టాను. ఆమె నిలబడి చూస్తూనే ఉంది. ఇరవై ఆరు వచ్చాయి.

"ఒకటి ఎక్కువుంది" అన్నాను.

"ఈసారి చూసి చెప్పారు" అని, ఖాళీ గంప తీసుకుని వెళ్లిపోయింది.